చిల్లర్ బయటికి వచ్చే దారి: బేస్‌మెంట్ ప్లాంట్ రూమ్ ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: రెండు బేస్‌మెంట్లు, పైన ఆరు అంతస్తులున్న ఆఫీసు భవనం. పై బేస్‌మెంట్‌లో ప్లాంట్ రూమ్. అందులో 500 టన్నుల వాటర్ కూల్డ్ చిల్లర్లు, అంటే ఏసీకి నీటిని చల్లబరిచే యంత్రాలు, మూడు (ఈ టన్నులు చల్లబరిచే సామర్థ్యానివి, బరువువి కావు; రెండు నడుస్తాయి, మూడోది స్టాండ్‌బై), 1600 కేవీఏ డ్రై టైప్ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, పంపులు, పక్కనే యూపీఎస్ బ్యాటరీ గది. కూలింగ్ టవర్లు టెర్రస్ మీద. ఈ డైరీ ఒక్క సంగతికే పరిమితం: ఈ యంత్రాలకు కాలం చెల్లాక పాతవి తీసి కొత్తవి పెట్టే పనికి డ్రాయింగుల్లో, భవనం 3డీ కంప్యూటర్ మోడల్‌లో ఇప్పుడే ఏం సిద్ధం చేస్తున్నామన్నది.

కాన్సెప్ట్ దశ: ఏది ఎన్నిసార్లు మారుతుంది

స్ట్రక్చర్ డిజైన్ ఆయుష్షు 50 ఏళ్లు. సెంట్రిఫ్యుగల్ చిల్లర్ బాగా చూసుకుంటే 20 నుంచి 25 ఏళ్లు నడుస్తుంది. అంటే భవనం నిలబడి ఉండగానే చిల్లర్లు ఒకసారి తప్పకుండా మారతాయి, చాలావరకు రెండుసార్లు. బేస్ మౌంటెడ్ పంపులకు ఇంచుమించు 20 ఏళ్లు. డ్రైవ్‌లు, కంట్రోలర్లు 10–15 ఏళ్లలో పోతాయి, కానీ అవి మనిషి చేత్తో మోసుకుపోయే సైజువి కాబట్టి వాటి గురించి ఇక్కడ రాయడం లేదు.

అన్నింటికన్నా ఎక్కువసార్లు మారేవి యూపీఎస్ బ్యాటరీలు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్లాకు మీద పదేళ్లు అని రాసి ఉన్నా, అది 20–25 డిగ్రీల గదికి వేసిన లెక్క. గది వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. ఇక్కడ స్ట్రింగుకు (వరసగా కలిపిన బ్యాటరీల గొలుసుకు) 40 బ్లాకుల చొప్పున నాలుగు స్ట్రింగులు, మొత్తం 160. ఒక్కో 12 వోల్టుల 100 ఏహెచ్ బ్లాకు 32 కిలోలు అనుకుంటే 5 టన్నులు దాటుతుంది. 50 ఏళ్లలో ఈ 5 టన్నులు ఆరేడుసార్లు బయటికి పోయి, అన్నిసార్లూ లోపలికి రావాలి. అందుకే బ్యాటరీ గదిని సర్వీస్ లిఫ్టుకు ఎదురుగా తెచ్చాం. లిఫ్టుకూ గదికీ మధ్య గడప లేదు. 20 మి.మీ. గడప చాలు, 500 కిలోల ట్రాలీ చక్రం అక్కడ ఆగిపోతుంది, బ్లాకులు ముందుకు జారతాయి.

ప్రాధాన్యం ఎలా వేశామంటే: మారే సార్లు ఒకవైపు, విడదీయలేని అతి బరువైన ముక్క ఇంకోవైపు. మొదటిది ఎక్కువైతే దారి సులువుగా ఉండాలి. రెండోది ఎక్కువైతే దారి బలంగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకే కారిడార్‌తో సరిపెట్టబోతే ఖర్చు అనవసరంగా పెరుగుతుంది.

స్కీమాటిక్ దశ: పెట్టె కొలత

ఇప్పుడు కొనబోయే చిల్లర్ 4.6 మీ. పొడవు, 2.0 మీ. వెడల్పు, 2.4 మీ. ఎత్తు. నీళ్లు తీసేశాక 9.6 టన్నులు. కానీ దారిని ఈ కొలతకు గీయలేదు. తర్వాత వచ్చే యంత్రం ఇదే సైజులో ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన 2016 కిగాలీ సవరణ 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చాక, చిల్లర్లలో రిఫ్రిజరెంట్‌గా (చల్లబరిచే గ్యాసుగా) వాడే హెచ్ఎఫ్‌సీ గ్యాసుల వాడకం దశలవారీగా తగ్గుతోంది. రిఫ్రిజరెంట్ మారితే యంత్రం ఆకారం కూడా మారుతుంది. అదే సామర్థ్యానికి తక్కువ పీడనం మీద నడిచే గ్యాసుకు కంప్రెసర్, షెల్ (ట్యూబులుండే పెద్ద ఉక్కు గొట్టం) రెండూ పెద్దవవుతాయి. అందుకని భవిష్యత్తు పెట్టె 5.0 × 2.2 × 2.6 మీటర్లు, 11 టన్నులు అని ఖరారు చేశాం. ఇకపై ఈ డైరీలో ‘పెట్టె’ అంటే ఇదే.

మీటింగులో ఎప్పుడూ వచ్చే మాట: ‘పాతదాన్ని కోసి ముక్కలుగా తీసేయవచ్చు కదా.’ తీసేయవచ్చు. షెల్‌ను గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఏ తలుపులోంచైనా పోతుంది. కానీ కొత్తది కోసి లోపలికి తేలేం. కంపెనీ విడిభాగాలుగా పంపి సైటులో బిగించే పద్ధతి ఉంది గానీ, దానికి లీక్ టెస్టు, వాక్యూమ్, గ్యాస్ నింపడం అన్నీ సైటులోనే చేయాలి. వారంటీ షరతులు కూడా ముందే తేల్చుకోవాలి. దారిని ఎప్పుడూ లోపలికి వచ్చే యంత్రానికి కొలవాలి, బయటికి పోయేదానికి కాదు.

స్కీమాటిక్ దశ: మలుపు, ర్యాంపు

ఆర్కిటెక్ట్ గీసిన మొదటి దారి: ప్లాంట్ రూమ్ తలుపు, 3.0 మీ. కారిడార్, 90 డిగ్రీల మలుపు, మళ్లీ 3.0 మీ. కారిడార్, 1:8 వాలున్న కార్ల ర్యాంపు, బయట. ప్లాన్‌లో చూస్తే విశాలంగానే ఉంది. మలుపుకు లెక్క వేస్తే లేదు.

రెండువైపులా ఒకే వెడల్పున్న కారిడార్‌లో మలుపు తిరగడానికి కావలసిన వెడల్పు: యంత్రం పొడవుకు వెడల్పును రెండింతలు చేసి కలిపి, 2.83తో భాగించాలి. ఇప్పటి చిల్లర్‌కు (4.6 + 4.0) ÷ 2.83 = 3.04 మీ. అంటే గోడలకు రాసుకుంటూ పోయినా 40 మి.మీ. తక్కువ పడుతుంది. భవిష్యత్తు పెట్టెకు చుట్టూ 150 మి.మీ. వదిలితే (5.3 + 5.0) ÷ 2.83, అంటే 3.64 మీ. ఆ మేరకు కారిడార్ పెంచాలంటే ఒక కాలమ్ వరస జరగాలి.

ర్యాంపు దగ్గర ఇంకో చిక్కు. అది ప్లాన్‌లో కనిపించదు, సెక్షన్ (నిలువు కోత) గీస్తేనే తెలుస్తుంది. యంత్రం కింద పెట్టి జరిపే రోలర్ స్కేట్ల (చిన్న చక్రాల బల్లల) మధ్య దూరం 4.0 మీ. సగం ర్యాంపు మీద, సగం చదును నేల మీద ఉన్నప్పుడు యంత్రం నడుమ భాగం నేల నుంచి అదనంగా 124 మి.మీ. పైకి లేస్తుంది. 2.6 ఎత్తు, స్కేటు 0.12, ఈ 0.124, పైన ఖాళీ 0.1 కలిపితే 2.94 మీ. ర్యాంపు పాదం దగ్గర బీమ్ అడుగు 2.7 మీ. దగ్గరే ఉంది. ర్యాంపు పైకొసన దీనికి తలకిందులు: అక్కడ నేలే 124 మి.మీ. పైకి పొడుచుకొస్తుంది, స్కేటు ఎత్తు 120. యంత్రం బేస్ ఫ్రేము నేలకు ఆని ఆగిపోతుంది. కార్ల ర్యాంపు కొసల్లో వంపు పెడితే ఇది తగ్గుతుంది గానీ, వంపు పొడవు పెంచితే ర్యాంపే పొడుగవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు (2.2 × 1.4 × 2.3 మీ., 4.2 టన్నులు) ఇదే దారి హాయిగా సరిపోతుంది. మలుపుకు 1.77 మీ. చాలు, పాదం దగ్గర 2.57 మీ. చాలు. కాబట్టి ర్యాంపు దారి ట్రాన్స్‌ఫార్మర్లు, పంపులు, వాల్వులకు. చిల్లర్లకు మాత్రం ప్లాంట్ రూమ్ నెత్తిన హ్యాచ్, అంటే పైకప్పులో మూత తీయగల కంత.

హ్యాచ్

సర్వీస్ యార్డు స్లాబులో 5.8 × 3.0 మీ. క్లియర్ ఓపెనింగ్, అంటే పెట్టెకు చుట్టూ 400 మి.మీ. క్రేన్ తాడుకు వేలాడే యంత్రం తిన్నగా రాదు, కొంచెం తిరుగుతుంది. అందుకే 200 మి.మీ. ఖాళీ చాలన్న సలహాను ఒప్పుకోలేదు.

మూత: పది ప్రీకాస్ట్ పలకలు, ఒక్కోటి 3.3 మీ. పొడవు, 570 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. మందం, మధ్య 10 మి.మీ. సందు. ఒక్కో పలక సుమారు 950 కిలోలు, చిన్న క్రేన్ ఎత్తగలిగేదే. ప్రతి పలకకు నాలుగు లిఫ్టింగ్ సాకెట్లు. వాటికి స్టెయిన్‌లెస్ ప్లగ్గులు, లోపల గ్రీజు. మామూలు ఇనుప సాకెట్ పెడితే పాతికేళ్లకు తుప్పు పట్టి మర ఎక్కదు. చుట్టూ 200 మి.మీ. కాంక్రీట్ కట్ట, వాటర్‌ప్రూఫింగ్ పొర దాని పైదాకా ఎక్కాలి. హ్యాచ్ దగ్గర లీకు ఎక్కువగా ఈ మూలలోనే మొదలవుతుంది. పొర నేల మీదే ఆగితే పలక సందులోకి నీళ్లు దిగుతాయి. అక్కడి నుంచి చిల్లర్ స్టార్టర్ ప్యానెల్ మీదికి.

ఫైర్ ఇంజన్ తిరిగే దారి హ్యాచ్ మీదుగా పోకూడదని సైట్ ప్లాన్ మీదే గీత గీశాం. దాని చక్రాల బరువుకు పలకలు డిజైన్ చేస్తే మందం బాగా పెరిగిపోతుంది, ఎత్తడానికి మళ్లీ పెద్ద క్రేన్.

స్ట్రక్చర్ వాళ్లతో: స్లాబు మీద బరువు

హ్యాచ్ వచ్చినా చిల్లర్ తన చోటు నుంచి హ్యాచ్ కిందికి స్కేట్ల మీద జరగాల్సిందే. కింద రెండో బేస్‌మెంట్ ఉంది కాబట్టి ఇది గాల్లో ఉన్న స్లాబు.

ప్లాంట్ రూమ్‌కు చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్లు పెట్టాం, చాలు అని మొదటి జవాబు. పెట్టె విస్తీర్ణం 11 చ.మీ., అంటే 110 కిలోన్యూటన్లు. పెట్టె, స్కేట్లు కలిపి 11.4 టన్నులు, అంటే 112. సరిపోయినట్టే కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. యంత్రం నాలుగు స్కేట్ల మీద ఉంటుంది, నేల ఎక్కడా పూర్తిగా సమంగా ఉండదు, ఒక్కోసారి బరువంతా ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు స్కేట్ల మీదే పడుతుంది. ఒక్కోదానికి 56 కిలోన్యూటన్లు, కదలికకు 1.2 రెట్లు చేస్తే 67. డిజైన్‌కు 200 × 200 మి.మీ. జాగాలో 70 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్ ఇచ్చాం. దాంతో చిల్లర్ల ముందు 2.8 మీ. పట్టీలో స్లాబు ఊచలు మారాయి. పట్టీ మీద 20 మి.మీ. ఉక్కు పలకలు పరిచి జరపాలన్నది షరతు.

కింది నుంచి ప్రాప్‌లు (తాత్కాలిక ఊతస్తంభాలు) పెట్టి కూడా జరపవచ్చు. అది ఇప్పుడు చవక. కానీ రేపు కింది అంతస్తులో ఏం ఉంటుందో తెలియనప్పుడు ప్రాప్‌ల మీద ఆధారపడే ప్లాన్ నిలవదు.

చిల్లర్ ప్లింత్ (యంత్రం కింది కాంక్రీట్ దిమ్మె) 150 మి.మీ. ఎత్తు. దాని మీంచి దింపేటప్పుడు నాలుగు మూలలా జాకీలు పెట్టే జాగా ఉండాలని ప్లింత్‌ను యంత్రం కన్నా ప్రతివైపు 100 మి.మీ. మాత్రమే పెద్దది చేసి, జాకీ నేల మీదే కూర్చునేలా వదిలాం.

డిటైల్ డిజైన్: మోడల్‌లో ఖాళీని గీయడం

మోడల్ గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో చిల్లర్ ఫ్యామిలీ (ఆ యంత్రపు రెడీమేడ్ 3డీ బొమ్మ) లోపలే తొలగింపు పెట్టెను గీసే అలవాటు చాలామందికి ఉంది. అది వద్దనుకున్నాం. టెండర్ తర్వాత ఆ ఫ్యామిలీని తయారీదారు ఫ్యామిలీతో మార్చేస్తారు, దాంతోపాటు పెట్టే మాయమవుతుంది. ఎవరికీ తెలియదు కూడా. బదులు దారులన్నీ ఒక విడి ఫైల్‌లో జెనరిక్ మోడల్ ఘనాలుగా గీసి, అన్ని విభాగాల మోడళ్లకూ లింక్ చేశాం. ఆ ఫైల్‌కు ఒక బాధ్యుడు ఉన్నాడు. అతని అనుమతి లేకుండా దారి ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. ఖాళీ జాగాకు కూడా యంత్రానికి ఉన్నట్టే పేరు, నంబరు, యజమాని ఉండాలి. లేకపోతే కేబుల్ ట్రే గీసేవాళ్లకు అది నిజంగానే ఖాళీ జాగా.

ప్రాజెక్టు ఫేజ్‌లలో ‘మార్పిడి 1’, ‘మార్పిడి 2’ అని పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. ప్రతి వ్యూ, ప్రతి షెడ్యూల్ ఫేజ్ ఫిల్టర్ మీద ఆధారపడుతుంది కాబట్టి ఇది క్వాంటిటీలను గందరగోళం చేస్తుంది. పక్కన పెట్టాం.

ఐఎఫ్‌సీకి (వేర్వేరు సాఫ్ట్‌వేర్లు మోడల్‌ను పంచుకునే ఫైల్ పద్ధతికి) పంపేటప్పుడు ఈ ఘనాలు మామూలుగా ప్రాక్సీ ఎలిమెంట్లుగా పోతాయి, నిజమైన కాంక్రీట్ దిమ్మెల్లా కనిపిస్తాయి. ఐఎఫ్‌సీ 4.3లో వర్చువల్ ఎలిమెంట్‌కు ‘క్లియరెన్స్’ అనే రకం ఉంది. ఎగుమతి పట్టికలో దాన్ని ఎంచుకోవాలి.

క్లాష్ పరీక్ష (మోడల్‌లో ఒకదానికొకటి తగిలేవి వెతకడం) నావిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో రెండు విధాలుగా. తిన్నని భాగాలకు కదలని ఘనం చాలు. మలుపుకు యానిమేటర్‌లో పెట్టెను తిప్పి, క్లాష్ డిటెక్టివ్‌ను ఆ సీన్‌కు లింక్ చేశాం. ఇక్కడ అడుగు ఎంత అన్నదే కీలకం. రెండో చిల్లర్ హ్యాచ్ కిందికి రావడానికి 90 డిగ్రీలు తిరగాలి. పెట్టె మూల దాని కేంద్రం నుంచి 2.73 మీ. దూరంలో ఉంది. 5 డిగ్రీలకోసారి పరీక్షిస్తే ఆ మూల ఒక్కో అడుగుకు 238 మి.మీ. గెంతుతుంది. రెండు స్థానాల మధ్య మిగిలే త్రికోణపు సందులో 70 మి.మీ. వ్యాసం దాకా ఉన్న పైపు ఎవరికీ తగలకుండా దాక్కోగలదు. 1 డిగ్రీకి కుదిస్తే ఆ సందులో 15 మి.మీ. దాటింది ఏదీ పట్టదు. 5 డిగ్రీల పరీక్ష శుభ్రంగా వచ్చింది. 1 డిగ్రీ పరీక్షలో కాలమ్ పక్కన దిగిన 50 మి.మీ. స్ప్రింక్లర్ డ్రెయిన్ పైపు దొరికింది. దాన్ని కాలమ్ వెనక్కి మార్చాం.

ఇంకోటి: ఎగుమతి వ్యూలో పైపు ఇన్సులేషన్ ఆపేసి ఉంటే నావిస్‌వర్క్స్‌కు రాదు. చల్లనీటి పైపుకు 50 మి.మీ. ఇన్సులేషన్ అంటే వ్యాసానికి 100 మి.మీ. తేడా. క్లాష్ రిపోర్టు చూసే ముందు ఇది చూడాలి.

దొరికిన క్లాష్‌లన్నీ తప్పులు కావు. స్పూల్ పీసులు (విప్పి తీయగల పొట్టి పైపు ముక్కలు), గొలుసుకు వేలాడే లైట్లు తీసి పక్కన పెట్టవచ్చు. వాటికి ‘తీయదగినది’ అని పారామీటర్ పెట్టి రిపోర్టు నుంచి తప్పించాం. కానీ ఈ వెసులుబాటును దుర్వినియోగం చేయడం చాలా తేలిక. 400 ఆంపియర్ల కేబుల్ ట్రేను కూడా ‘తీయదగినది’ అని గుర్తు పెట్టి పంపారు. దాన్ని తీస్తే భవనం సగం చీకటి. నియమం రాశాం: యంత్రం ఆగి ఉన్నప్పుడు దానితోపాటు ఎలాగూ ఆగే వాటికే ఆ గుర్తు.

డిటైల్ డిజైన్: మిగతా రెండూ నడుస్తుండగా

ఒక చిల్లర్ మార్చేటప్పుడు హెడర్ (అన్ని చిల్లర్లకూ ఉమ్మడిగా ఉండే ప్రధాన పైపు) ఖాళీ చేయకూడదు. ప్రతి చిల్లర్‌కూ క్రమం ఇది: హెడర్, ఐసొలేషన్ వాల్వు, డ్రెయిన్ కాక్, ఎయిర్ వెంట్, ఫ్లాంజ్ స్పూల్, ఫ్లెక్సిబుల్ కనెక్షన్, చిల్లర్. స్పూల్ తీశాక వాల్వు ఒకవైపు గాలికి, ఇంకోవైపు పూర్తి పీడనానికి నిలబడాలి. వేఫర్ రకం బటర్‌ఫ్లై వాల్వు దీనికి పనికిరాదు, అది రెండు ఫ్లాంజుల బిగింపుతోనే నిలుస్తుంది. స్పూల్ విప్పగానే వాల్వు ఊడొస్తుంది. ఒక్కో వైపు ఫ్లాంజుకు విడిగా బిగించే లగ్ రకమే రాయాలి. దానికి కూడా ఒకవైపు మాత్రమే ఫ్లాంజ్ ఉన్నప్పుడు అనుమతించే పీడనం ఎంతో కేటలాగ్‌లో విడిగా చూడాలి, మామూలు రేటింగ్ కన్నా తక్కువ ఉండొచ్చు. టెండర్ షెడ్యూల్‌లో ‘బటర్‌ఫ్లై వాల్వు’ అని మాత్రమే రాస్తే చవకైన వేఫరే వస్తుంది.

హెడర్ చివర అద్దె చిల్లర్ కోసం వాల్వు, బ్లైండ్ ఫ్లాంజ్ (మూత) ఉన్న టీలు (T ఆకారపు పైపు చీలికలు) రెండు. 500 టన్నులకు 5.5 డిగ్రీల తేడాతో సెకనుకు 76 లీటర్లు పారుతుంది. 250 మి.మీ. పైపులో వేగం 1.5 మీ., 200లో 2.35 మీ. తాత్కాలికానికి 200 చాలు, కానీ ఆ టీ నుంచే శాశ్వతంగా నాలుగో చిల్లర్ తగిలిస్తారేమోనని 250 పెట్టాం. ఆ టీల నుంచి యార్డు గోడ దాకా రెండు స్లీవులు, పక్కనే పవర్ కేబుల్‌కు ఇంకోటి.

రిఫ్రిజరెంట్ విషయంలో: వచ్చే యంత్రంలో కొద్దిగా మండే తరగతి గ్యాసు ఉండొచ్చు. లీక్ డిటెక్టర్లకు ఖాళీ కండ్యూట్లు వేశాం, నేల దగ్గర నుంచి లాగే ఎగ్జాస్ట్ డక్టుకు షాఫ్టులో జాగా ఉంచాం. ఈ గ్యాసులు గాలికన్నా బరువు, కిందే పేరుకుంటాయి.

ట్యూబులు లాగే జాగా గురించి ఒక్క మాట. కండెన్సర్ ట్యూబు పొడవు దాదాపు షెల్ అంత. అంత ఖాళీ మూడు చిల్లర్లకూ గది లోపల వదిలితే గది పెద్దదవుతుంది. షెల్ కొసలకు ఎదురుగా గోడలో మూడు తలుపులు పెట్టి, ట్యూబులు కారిడార్‌లోకి లాగేలా చేశాం.

డేటా అప్పగింత

కోబీ (భవన నిర్వాహకులకు అప్పగించే డేటా పట్టికల ప్రమాణం) టైప్ పట్టికలో అంచనా ఆయుష్షు, కొలతలు, మార్పిడి ఖర్చుకు గడులు ఉన్నాయి. దారికి లేదు. ఆట్రిబ్యూట్ పట్టికలో నాలుగు గడులు చేర్చాం: దారి నంబరు, విడదీయలేని అతి బరువైన ముక్క, దాని బయటి కొలతలు, ముందుగా తీయాల్సిన యంత్రాలు. చివరిదే ఎక్కువ పని చేసింది. మొదటి చిల్లర్ తీయకుండా మూడోది రాదని ఆ గడి నింపేటప్పుడే బయటపడింది. మూడోదాన్ని 700 మి.మీ. జరిపి, ముందు పట్టీలోకి నేరుగా దిగేలా సర్దాం.

మోడల్ తెరిచే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి దారి ప్లాన్, పాయింట్ లోడ్, ఉక్కు పలకల షరతు ఒకే షీటులో ముద్రించి ప్లాంట్ రూమ్ గోడకు బిగించాలని కాంట్రాక్ట్‌లో చేర్చాం. నేల మీద పట్టీ హద్దులు పసుపు ఎపాక్సీ రంగుతో.

ఇంకా తేలనివి

క్రేన్ నిలబడే చోటు. బేస్‌మెంట్ స్లాబు మీద అవుట్‌రిగ్గర్లు (క్రేన్ పక్కలకు చాపే కాళ్లు) వద్దు కాబట్టి బేస్‌మెంట్ గోడ అవతల నిలబడాలి. అక్కడి నుంచి హ్యాచ్ మధ్యకు 14 మీ. పెట్టె, గొలుసులు, స్ప్రెడర్ బీమ్ కలిపి 12 టన్నులు. క్రేన్ పేరులో ఉండే టన్నులు అతి దగ్గరి దూరానికి చెప్పేవి, కాబట్టి 14 మీటర్ల దగ్గర దాని చార్టు ఎంత చూపిస్తుందో దాన్నే స్పెసిఫికేషన్‌లో రాయాలి.

ఆ చోటికి సరిగ్గా కింద వాన నీటి ట్యాంకు వచ్చింది. ట్యాంకును 3 మీ. జరిపితే డ్రెయిన్ వాలు చాలదు. ట్యాంకు మూతను అవుట్‌రిగ్గర్ బరువుకు డిజైన్ చేస్తే గోడల మందం పెరుగుతుంది. సివిల్ విభాగం రెండింటి డ్రాయింగులూ పంపాలి. ల్యాండ్‌స్కేప్ ప్లాన్‌లో యార్డు అంచున ఉన్న మూడు చెట్లలో మధ్యది క్రేన్ బూమ్ తిరిగే దారిలో ఉంది, దాన్ని పొద వరసగా మార్చమని రాశాం. జవాబు రావాలి.